అడాస్ మీద వాట్సాప్ తీర్పు

కెమెరా, రాడార్‌ల సాయంతో డ్రైవర్‌ను హెచ్చరించి, అవసరమైతే బ్రేకో స్టీరింగో తానే అందుకునే కారు సిస్టమ్‌లను కలిపి అడాస్ అంటారు. దాని మీద నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది: "అడాస్ అంతా టాప్ మోడల్ అంటగట్టే ఎత్తు. మన రోడ్ల మీద పని చేయదు. ఉత్తపుణ్యానికి బ్రేక్ వేసి వెనక లారీతో గుద్దిస్తది. అద్దం పగిలితే జేబు ఖాళీ." ఇందులో మొదటి మాట చాలావరకు నిజం. దాని చాటున మిగతా మూడూ తరచి చూడకుండానే చెల్లిపోతున్నాయి.

అడాస్‌లో గుద్దే ముందు కారే వేసుకునే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్ ఒక్కటి కావాలన్నా, చాలా మోడళ్లలో పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ కూడా కొనాల్సిందే. నల్లగొండ మే ఎండలో సన్‌రూఫ్ ఎవరు తెరుస్తారో మరి! కానీ తప్పు ప్యాకేజీ కట్టినవాళ్లది, బ్రేక్‌ది కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి ప్రతి కొత్త కారుకూ ఈ బ్రేక్ తప్పనిసరి, బేస్ మోడలైనా సరే. మన దగ్గర బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా ఒకప్పుడు పై వేరియంట్ల సరుకే. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ వచ్చింది. మనం అడగాల్సింది అలాంటి రూలు.

"పని చేయదు" అనడం అన్నిటినీ ఒకే గాటన కట్టడమే. కారును లేన్ దాటకుండా పట్టి ఉంచే లేన్ కీప్‌కు రోడ్డు మీద గీతలు కనపడాలి. జడ్చర్ల దగ్గర 44వ హైవే మీద సరే, ఊళ్లలోకి పోయే రోడ్ల మీద గీత ఎక్కడిది? అక్కడ అది దండగే. ఎమర్జెన్సీ బ్రేక్‌కు గీతతో పని లేదు. ముందున్న బండి ఎంత వేగంగా దగ్గరవుతోందో కెమెరా, రాడార్ లెక్కగడతాయి. ఇలాంటి బ్రేక్ ఉన్న కార్లు ముందు బండిని గుద్దడం సుమారు సగం తగ్గిందని అమెరికాలో కార్ల భద్రతను పరిశోధించే సంస్థ ఐఐహెచ్ఎస్ తేల్చింది. ఇక్కడ అంత ఫలితం రాకపోవచ్చు. నార్కట్‌పల్లి దాటాక రాత్రి లైట్లు లేకుండా ఆపిన లారీ ఎదురైతే, నూరు స్పీడులో ఉన్న కారును చాలా సిస్టమ్‌లు పూర్తిగా ఆపలేవు. బర్రెల సంగతి చెప్పనే అక్కర్లేదు. దీన్ని నమ్ముకుని కునుకు తీసేవాళ్లకు నా దగ్గర సమాధానం లేదు.

వెనక లారీ భయమా? ఈ బ్రేక్ మామూలుగా ముందు బీప్ కొడుతుంది, గుద్దే పరిస్థితి వచ్చాకే పడుతుంది. అప్పుడు మనమైనా వేసేది సడన్ బ్రేకే. ఆటో అడ్డం దూరినప్పుడు అనవసరంగా పడటమూ ఉంది. చాలా కార్లలో వార్నింగ్ ఎంత ముందు రావాలో మెనూలో మార్చుకోవచ్చు, లేన్ కీప్‌ను విడిగా ఆపేయొచ్చు. డెలివరీ రోజే చూపించమనండి.

ముందు అద్దం ఖర్చు నిజమే. కెమెరా దాని వెనకే ఉంటుంది కాబట్టి అద్దం మార్చాక క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్లీ సరిచేయడం, చేయించాలి. ఆ ఖర్చు బీమాలో వస్తుందో లేదో పాలసీ తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి.