కంఠం గారికి, ఉరఫ్ గొంతుకు, ఉరఫ్ పీకకు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కంఠం గారూ అని మొదలుపెట్టాలో, గొంతూ అని పిలవాలో, ఒరే పీకా అని కేకేయాలో తేలక ఈ ఉత్తరం చాలాకాలం ఆగింది. చివరకు మధ్యేమార్గంగా గొంతూ అంటున్నాను. ఏమీ అనుకోకు. నీకు దక్కే మర్యాదంతా వేసుకున్న పేరును బట్టేనని అందరికీ తెలిసిందే.

సంస్కృతపు కండువా కప్పుకున్నావంటే నీ వైభోగమే వేరు. సన్మానపత్రంలో మధురకంఠం, తీర్మానంలో ముక్తకంఠం, బడిలో కంఠస్థం. నగలు కూడా ఆ పేరుకే. కండువా తీసి గొంతుగా వచ్చావో, కోసేవాళ్లు, నొక్కేవాళ్లు, వెలక్కాయ అడ్డం వేసేవాళ్లు కాచుకుని ఉంటారు. మరో మెట్టు దిగి పీకవయ్యావా, ఇక పిసకడమే. అప్పులు పీకల్లోతు, తాగుడు పీకలదాకా. కచేరీలో వేదిక మీద పాడేవారిది కంఠం, కింద కూర్చుని వన్స్‌మోర్ అన్నవాడిది గొంతు, కుర్చీ దొరక్క గేటు దగ్గర అరిచేవాడిది పీక. డాక్టరు లోపలికి చూస్తే ముగ్గురికీ అవే రెండు గొట్టాలు, ఒకటి గాలికి, ఒకటి అన్నానికి.

ఒకే బంతిలో ఈ వలపక్షం ఏమిటని నిలదీసిన మనిషి మా ఊళ్లోనే ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. పండితుడు రాసే తెలుగు కంఠమూ, జనం మాట్లాడే తెలుగు పీకా ఎలా అయ్యాయని ఆయన పోరు. అంతటితో ఊరుకోలేదు. ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. గాలిని గొంతులోనే ఠక్కున బిగబట్టి వదిలే శబ్దం ఒకటి ఆ భాషలో ఉంది. మన యాభై ఆరు అక్షరాల్లో దానికి చోటు లేదు, అచ్చంగా నీ ఒక్కదాని పనితనం. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. నీ పలుకులను అంత శ్రద్ధగా విన్న మనిషి మన్యపు జ్వరానికి క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. ఆ క్వినైను దిగింది నీలోంచే. నీకు కనీసం పొలమారలేదు.

ఇక సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చింది. వ్యాకరణం ప్రకారం అకారం కంఠ్యం, పూర్తిగా నీ సొత్తు. ఒకారం కంఠోష్ఠ్యం, పెదవులకు వాటా ఇవ్వాలి. ఆంధ్రా వైపున్న పాతపట్నంలో జగన్నాథుడు అన్న దేవుడు పక్కనే ఉన్న పర్లాకిమిడికి వచ్చేసరికి జొగొన్నాథొ. ఆ కాస్త దూరంలో సగం ఆస్తి పెదవుల పేర రాసిచ్చేశావు! నీకు ఇక్కడి పేర్లు గళా, తంటి. తంటి అన్నప్పుడల్లా మా పెద్దమ్మకు తంటా అని వినిపిస్తుంది. ఆవిడ చెవిని నేను తప్పుపట్టను. ఇక్కడి కార్యాలయంలో ఒడియా మాట్లాడితే తెలుగు యాస అంటారు, శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లి తెలుగు మాట్లాడితే ఒడియా యాస అంటారు. రెండుచోట్లా తిట్లు తినేది నేను, యాస నీది.

ఒక్క నింద మాత్రం నీది కాదని ఒప్పుకుంటాను. గొంతెమ్మ కోరికలు. ఆ గొంతెమ్మ నీ చుట్టం కాదు, పాండవుల తల్లి కుంతి. జనం నోట్లో పడి గొంతి అయింది. మా జిల్లాలోని మహేంద్రగిరి మీద ఆవిడ పేరున గుడి కూడా ఉంది. శివరాత్రికి కొండెక్కే భక్తులు అక్కడ కోరే కోరికల లెక్క నీ ఖాతాలో వేయను.

అసలు పని ఇప్పుడు చెబుతాను. వచ్చే ఆదివారం మా వీధి సభలో, పిల్లలకు తెలుగు పాఠాలు కావాలని పై అధికారికి నేను ఒడియాలో మనవి చేయాలి. ఆ పది నిమిషాలు దయచేసి కంఠంగా ఉండు. సభ ముగిసి ఉప్మా ప్లేట్లు వచ్చాక పీకగా మారినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
నీకు పైన ఉండి, నీ వల్ల మాటపడే
ఒక తలకాయ