నల్లటేపు ప్రాశస్త్యం

లిథియం-అయాన్ బ్యాటరీని రూపొందించినందుకు 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచి ఇచ్చిన పెద్దలు, ఆ బ్యాటరీని మన జిల్లాల్లో ఇంటింటా నిలబెడుతున్న నల్ల ఇన్సులేషన్ టేపును మాత్రం పూర్తిగా విస్మరించారు. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదన్న నియమం అక్కడ ఉన్నందున ఈ అపచారాన్ని మన్నించవచ్చు గాని, హనుమకొండ చౌరస్తా నుంచి పరకాల దాకా రిపేరు దుకాణాల్లో వర్ధిల్లుతున్న ఈ స్వదేశీ రక్షణ శాస్త్రాన్ని మనమైనా గ్రంథస్థం చేయకపోతే భావితరాలు క్షమించవు.

ముందుగా పూర్వపక్షం చెప్పుకోవాలి. కంపెనీలవారి వాదన ప్రకారం 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గల, ఆ బ్యాటరీలోని గొట్టపు సెల్లు 4.2 వోల్టుల వద్ద నిండిపోతుంది. అంతకు మించి ఎక్కిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, మరీ అడుగంటా వాడేస్తే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అందుకని వేలిగోరంత బోర్డు ఒకటి పెట్టి, వోల్టేజి సుమారు 4.3 దాటినా, 2.5 కిందికి దిగినా, తీగలు ఒకదానికొకటి తగిలినా కరెంటును ఆపేస్తారు. ఆ బోర్డు చేసే పని ఆపడం ఒక్కటే. ఆగిపోయినవాటిని నడిపించడమే వృత్తిగా గల మన మెకానిక్కులు, ఆపడమే వృత్తిగా గల వస్తువును ఎలా చూస్తారో వేరే చెప్పనక్కర లేదు.

పత్తికీ మిరపకూ మందు కొట్టే చార్జింగ్ పంపునే తీసుకుందాం. వీపున మోసే ఆ పంపులో సాధారణంగా ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీయే రెండు కిలోలకు పైగా తూగుతుంది. అది చచ్చిపోగానే పాత లాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన సెల్లులను ప్లస్సుకు మైనస్సు తగిలేలా మూడేసి వరసపెట్టి కలిపి, ఆ డబ్బాలోనే కూరుస్తారు. బరువు తగ్గుతుంది, రైతు సంతోషిస్తాడు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. చార్జరు మాత్రం పాతదే ఉంటుంది, ఎందుకంటే అది పాడు కాలేదు, పాడు కానిదాన్ని మార్చడం మన ఇళ్లలో ఆచారం కాదు. మూడు సెల్లులకు కావలసింది 12.6 వోల్టులు. లెడ్ యాసిడ్ చార్జరు 14.4 దాకా తోస్తుంది, అంటే ఒక్కొక్క సెల్లుకు 4.8. బోర్డు తనకు తెలిసిన ఏకైక విద్యను ప్రదర్శించి ఆపేస్తుంది. రైతు మళ్లీ దుకాణం మెట్లెక్కుతాడు. అప్పుడు బోర్డుకు ఈ కొసనుంచి ఆ కొసకు ఒక తీగముక్క అతికించి, ఈ శాస్త్రంలో 'డైరెక్ట్' అనబడే మహాసంస్కారం జరుపుతారు. దీని ఔచిత్యం గురించి మా వాడకట్టు మెకానిక్కును వినయంగా అడిగితే, "గది ఊకె కట్ జేస్తాంది సార్, గందుకే డైరెక్ట్ ఇచ్చిన. బోర్డు తీసెయ్యలే, లోపల్నే ఉన్నది, సేఫ్టీకి" అని సెలవిచ్చాడు. పింఛను తీసుకునే తాతగారికి ఇంట్లో ఏ స్థానం ఇస్తామో, బోర్డుకూ అదే ఇచ్చారు: ఉండాలి, అడ్డు చెప్పకూడదు.

ఇక సెల్లులను కలిపే విధానం. ఫ్యాక్టరీల్లో నికెల్ పట్టీని రెప్పపాటులో స్పాట్ వెల్డింగ్ చేస్తారు, వేడి లోపలికి దిగకుండా. మన దగ్గర మూడు వందల డిగ్రీలు దాటిన సోల్డరింగ్ కడ్డీని సెల్లు నెత్తిమీద ఆనించి, టంకం పట్టేదాకా ఓపికగా కూర్చుంటారు. లోపల రెండు ధ్రువాలను విడదీసే పలుచని ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుందన్నది నిజమే అయినా, అది పైకి కనిపించదు గనుక లెక్కలోకి రాదు.

సెల్లు ఒళ్లంతా మైనస్సేననీ, నెత్తిన ఉన్న ప్లస్ బొడిపెకు చుట్టూ అంచు కూడా మైనస్సేననీ, మధ్యన ఉన్నది ఒక ప్లాస్టిక్ తొడుగూ ఒక కాగితపు చక్రమూ మాత్రమేననీ తెలిసినవారు, ఆ చక్రం చినిగితే పాత పెళ్లిపత్రిక అట్టను గుండ్రంగా కత్తిరించి పెడతారు. దానిమీద అప్పటికే 'శుభం' అని అచ్చయి ఉంటుంది. ఆపైన నల్లటేపు నాలుగు చుట్లు. మే నెలలో వరంగల్ ఎండకు టేపు జిగురు కారి పొరలు జారితే ఇంకో నాలుగు చుట్లు. ఫ్యూజు అంటారా, ఒక రాగి పోగు పెట్టారు, అది మాటిమాటికి మాడిపోతోందని మూడు పోగులు పెట్టారు, ఇప్పుడు మాడడం లేదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. ఆ ఏడాది అలాంటి ప్రమాదాలు వరుసగా జరిగాక కేంద్రం విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకు ఉద్దేశించిన ఏఐఎస్-156 నిబంధనలను కఠినం చేసి, తొలి దశను డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. మన దుకాణాల్లో మాత్రం దీనినుంచి తీసిన పాఠం వేరు: కంపెనీ బ్యాటరీయే పేలినప్పుడు బోర్డు ఉండి ఏం లాభమని. ఈ తర్కానికి బదులు చెప్పగలవారు నాకింతవరకు తారసపడలేదు, అది తర్కం కానందువల్ల కావచ్చు.

ముందస్తు హెచ్చరిక కూడా మనకు లేకపోలేదు. సెల్లు కారితే లోపలి ద్రావకం ఒక రకమైన తియ్యని వాసన వేస్తుంది. ఇంటి ఆడవాళ్లు "ఏందో తియ్యటి వాసన వస్తాంది" అంటారు, మగవాళ్లు "ఏం లేదు, పండుకో" అంటారు. మంటే లేస్తే కప్పడానికి గోనెపట్టా సిద్ధంగా ఉంటుంది. వేడెక్కిన సెల్లు లోపలి పదార్థమే ప్రాణవాయువును విడుస్తుంది కాబట్టి కప్పినంత మాత్రాన ఊపిరాడక చావదు, దాన్ని చల్లార్చడానికి నీళ్లు ధారగా కావాలి. అయినా పట్టా కప్పితే మంట కనిపించదు గదా.

వరంగల్ దరీలకూ చపాట మిరపకూ భౌగోళిక గుర్తింపు దక్కింది గనుక మన నల్లటేపు బ్యాటరీకీ అది దక్కాలని ఒక దరఖాస్తు రాసి పెట్టాను. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఒక నమూనాను కూడా చూపిస్తే బాగుంటుందనిపించి, కాజీపేటలో రైలెక్కి తీసుకుపోవలసిందిగా మా మెకానిక్కునే కోరాను. అతడు నన్ను ఎగాదిగా చూసి, "రైళ్ల గసొంటియి తీస్కపోవద్దు సార్, డేంజరు" అన్నాడు.