గినీ పిగ్‌కి బొచ్చు ఊడితే వేపనూనె రాయకండి

ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు గినీ పిగ్‌లు. వాటిని పెంచేవాళ్ళ మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒకటే: "గినీ పిగ్‌కి బొచ్చు ఊడుతోందంటే విటమిన్ సి తక్కువైనట్టే. తాగే నీళ్ళల్లో చుక్కలు కలపండి. వేపనూనెలో పసుపు కలిపి ఒళ్ళంతా పట్టించి, స్నానం చేయించి ఎండలో వదలండి. తామరలా ఉంటే మెడికల్ షాపులో దురద క్రీము తెచ్చి రాయండి. అప్పటికీ తగ్గకపోతే మేకలకు వాడే ఐవర్‌మెక్టిన్ ఒక చుక్క నోట్లో వేయండి. డాక్టర్ అక్కర్లేదు."

విటమిన్ సి సంగతిలో కొంత నిజం ఉంది. మనలాగే గినీ పిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారుచేసుకోలేదు. నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు 1907లో స్కర్వీని, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బుని, మొదట రాబట్టి చూపించింది ఈ జంతువులోనే. రోజుకి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. కానీ స్కర్వీ వచ్చిన గినీ పిగ్ ముందు నడవడం తగ్గిస్తుంది. కీళ్ళు వాస్తాయి, ఎత్తుకోబోతే నొప్పికి కీచుమంటుంది, బొచ్చు గరుకుగా అట్టకడుతుంది. హుషారుగా తిరుగుతూ, తింటూ, ఒకచోట మాత్రం బోడిగా అయి అదేపనిగా గోక్కుంటోందంటే ముందు అనుమానించాల్సింది స్కర్వీని కాదు.

పైగా నీళ్ళల్లో కలపడం దండగ. వెలుతురుకీ లోహానికీ విటమిన్ సి త్వరగా పాడవుతుంది, రుచి మారిందని అది తాగడమే తగ్గించవచ్చు కూడా. దాని బదులు రోజూ ఓ క్యాప్సికం ముక్క, గుప్పెడు కొత్తిమీర పెట్టండి, అప్పుడప్పుడు చిన్న ఉసిరికాయ ముక్క ఇవ్వండి. అసలు తేడా చాలా ఇళ్ళల్లో మేతలోనే ఉంటుంది. పెట్ షాపుల్లో లూజుగా తూచి ఇచ్చేది తరచుగా కుందేళ్ళ మేత. కుందేలు తన విటమిన్ సి తనే తయారుచేసుకుంటుంది కాబట్టి అందులో అది కలపరు.

ఇక ఆ మెసేజ్‌లోని పెద్ద తప్పు. బొచ్చు ఊడటం అనేది ఒక జబ్బు కాదు, చాలా జబ్బుల్లో కనిపించే లక్షణం. ఎక్కడ ఊడింది, దురద ఉందా లేదా, ఈ రెండూ చూస్తే సగం దారి తెలిసిపోతుంది.

భుజాల మీద, వీపు మీద, తొడల లోపలివైపు ఊడి, చర్మం మందమై పసుపు పచ్చగా పెచ్చులు కడుతూ, రక్తాలొచ్చేలా గోక్కుంటుంటే అది చాలావరకు గజ్జి. ట్రిక్సాకారస్ అనే పురుగు చర్మంలోకి తొలుచుకుపోతుంది. కంటికి కనిపించదు. దీని దురద ఎంత ఘోరమంటే, వీపు మీద ఊరికే చెయ్యి ఆనించినా గినీ పిగ్ పక్కకి పడిపోయి, కాళ్ళు కొట్టుకుంటూ ఫిట్స్‌లోకి వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు మూర్ఛ రోగమో, గుండె జబ్బో అనుకుని టెన్షన్ పడతారు. పేలు వేరు. బొచ్చు విడదీసి చూస్తే సన్నగా కదులుతూ కనిపిస్తాయి.

ముక్కు మీద, కళ్ళ చుట్టూ, చెవుల దగ్గర గుండ్రంగా ఊడి పొట్టు రాలుతుంటే తామర కావచ్చు. దురద ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇది పిల్లలకీ అంటుకుంటుంది, కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. నీలం లైటు వేసి మెరిస్తేనే తామర అని కొందరంటారు. గినీ పిగ్‌లకు మామూలుగా వచ్చే తామర ఆ లైటుకి మెరవదు.

రెండేళ్ళు దాటిన ఆడదానికి రెండు పక్కలా అచ్చు ఒకేలా, దురద లేకుండా పల్చబడుతుంటే అండాశయాల్లో నీటితిత్తులు ఉన్నాయేమో స్కానింగ్‌లో చూడాలి. దానికి మందు ఆపరేషనో, హార్మోన్ ఇంజెక్షన్లో. నూనె డబ్బా మొత్తం ఖాళీ చేసినా ఏ ఉపయోగమూ ఉండదు. నెలలు నిండిన చూడి గినీ పిగ్‌కీ బొచ్చు పల్చబడుతుంది, ఈనాక మళ్ళీ వస్తుంది. కత్తెరతో కత్తిరించినట్టు పొట్టిగా ఉంటే పక్కదో, తనో కొరుకుతోందన్నమాట. గడ్డి తక్కువైనా, గూడు ఇరుకైనా ఇలా చేస్తాయి. చెవుల వెనక ఉండే చిన్న బోడి మచ్చలైతే పుట్టుకతో వచ్చినవే. వాటి ఫోటో తీసి "ఇదేంటండీ" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు!

వేపనూనె దగ్గరికొద్దాం. వేప మీద మనకున్న నమ్మకం నాకూ ఉంది, బియ్యం డబ్బాలో వేపాకు నేనూ వేస్తాను. కానీ చర్మం లోపల సొరంగాలు తవ్వుకున్న పురుగుని పైన రాసిన నూనె చంపుతుందని లెక్కపెట్టుకోలేం. రాసిన ప్రతి చుక్కనీ గినీ పిగ్ నాకేస్తుంది. వేపనూనె తాగించడం వల్ల పసిపిల్లల ప్రాణాల మీదికొచ్చిన కేసులు ఉన్నాయి, మరి కిలో బరువున్న ప్రాణి సంగతి చెప్పాలా? పసుపు రాస్తే ఇంకో నష్టం ఏమిటంటే, చర్మం ఎర్రబడిందో లేదో డాక్టర్‌కి కూడా కనిపించదు.

ఎండ సలహా ఇంకా దారుణం. గినీ పిగ్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల జీవి. 30 డిగ్రీలు దాటితే చాలు, దానికి వడదెబ్బ భయం. విజయవాడలో, రామగుండంలో మే నెల ఎండ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గి నయమైనట్టే అనిపిస్తుంది, కింద తామర మాత్రం హాయిగా పాకుతుంది. మనుషుల్లో తామర మొండికేయడానికి ఈ క్రీములు ఒక కారణమని చర్మవైద్యులు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నారు.

ఐవర్‌మెక్టిన్ గజ్జికి సరైన మందే, అందుకే ఆ సలహా నమ్మబుద్ధవుతుంది. లెక్క చూడండి. మేకలకు వాడే 1 శాతం మందులో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. గినీ పిగ్‌కి సాధారణంగా ఇచ్చేది కిలోకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు. అంటే 800 గ్రాముల గినీ పిగ్‌కి ఎక్కువలో ఎక్కువ 0.04 మిల్లీలీటర్లు. మామూలు చుక్క ఒకటి సుమారు 0.05 ఉంటుంది. చిన్న పిల్లయితే ఆ ఒక్క చుక్కే రెండు మూడు డోసులకు పైనే. ఇంకో సంగతి, ఈ మందుకి పురుగు గుడ్లు చావవు. అవి పొదిగాక వచ్చే వాటి కోసం వారం, రెండు వారాల తేడాతో మళ్ళీ వేయాలి, పక్కన ఉన్న గినీ పిగ్‌లకీ వేయాలి. ఆ మెసేజ్‌లో ఈ మాటే లేదు.

డాక్టర్ అక్కర్లేదన్న చివరి మాటకి: డాక్టర్ చేసేది బ్లేడు అంచుతో చర్మం మీద పొట్టు కొద్దిగా గీకి, అద్దం మీద నూనె చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూడటం. అప్పుడప్పుడు పురుగు ఉన్నా గీకిన ముక్కలో దొరకదు, అయినా లక్షణాలు చూసి మందు మొదలుపెడతారు. మన ఊళ్ళ పశువుల ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, మేకలు, కుక్కలు కాబట్టి గినీ పిగ్‌లను చూసిన అనుభవం ఉందా అని ముందే ఫోన్‌లో అడగండి. గోకుడు పుండ్లకు యాంటీబయాటిక్ రాస్తే అది అమాక్సిసిలిన్ కాదు కదా అని కూడా అడగండి. కుక్కలకు రోజూ వాడే ఆ మందు గినీ పిగ్ నోట్లో పడితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.