ఎర్ర కలం మీ చేతిలోనే ఉండాలి

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే అమెరికాలో హైస్కూలు విద్యార్థులు రాసే కాలేజీ స్థాయి) పరీక్షలకు సొంతంగా చదివేవారు పుస్తకమంతా పూర్తిచేశాకే పాత ప్రశ్నలు ముట్టుకోవాలన్న వ్యాసకర్త సలహా నాకు రుచించలేదు. నేనూ వాటిలో ఒకటైన కాలిక్యులస్ ఏబీ అనే గణిత పరీక్షకు మొదట అలాగే చదివాను. ఈ పరీక్షలో వివరంగా రాయాల్సిన ప్రశ్నలు 6, ఒక్కోదానికి 9 పాయింట్లు. పాత ప్రశ్నలనూ, ఏ మెట్టుకు ఎంత వేస్తారనే వివరాలనూ ఈ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు ఉచితంగానే ఇస్తుంది. ఒకటి రాసి నాకు నేనే దిద్దుకుంటే, జవాబు సరైనదే, వచ్చింది మాత్రం 6! జవాబు పక్కన యూనిట్ (కొలత ప్రమాణం) రాయలేదు, కారణం చెప్పలేదు. పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఆ లోపం కనబడేది కాదు.

అన్నట్టు, పరీక్ష మే నెలలోనే అయినా నమోదు మాత్రం నవంబరులోపే. మీ బడి ఆ పరీక్ష పెట్టకపోతే, పెట్టే బడిని ముందే వెతుక్కోండి. కొన్ని బడులు బయటివారిని రానివ్వవు.