పరీక్షకు రాని విద్యార్థికి సున్నా మార్కులు

ఒక విద్యార్థి పేరు ఎదురుగా మార్కులు 0 అని ఉంది. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నాడా, అసలు రాలేదా, లేక మార్కులు ఎక్కించడం ఎవరైనా మరిచిపోయారా? జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో విద్యార్థి వివరాలకు అచ్చులాంటి క్లాసు రాసి, అందులో మార్కుల కోసం ఒక ‘ఇంట్’ (పూర్ణాంకం) ఫీల్డు, అంటే విలువ దాచే గడి, పెట్టి వదిలేస్తే ఈ మూడింటికీ తేడా మిగలదు. భాషే అందులో 0 నింపేస్తుంది. అవునో కాదో చెప్పే బూలియన్ అయితే ఫాల్స్, అక్షరాలు దాచే స్ట్రింగ్ అయితే నల్, అంటే ఏమీ లేదన్న గుర్తు.

సదుద్దేశంతో చేసిన ఏర్పాటే. సి++ భాషలో ఫంక్షన్ లోపలి పూర్ణాంకానికి విలువ ఇవ్వడం మరిస్తే, ఆ మెమరీలో ఇదివరకు మిగిలిన చెత్త చేతికి రావచ్చు. ఆ ప్రమాదం జావాలో లేదు. పైగా మెథడ్ (క్లాసులోని ఫంక్షన్) లోపలి వేరియబుల్‌ను విలువ ఇవ్వకుండా వాడితే, కోడ్‌ను అనువదించే జావా కంపైలర్ ఒప్పుకోనే ఒప్పుకోదు. ఫీల్డుల దగ్గరే దానికి జాలి ఎక్కువ. నా అభ్యంతరం ఆ జాలి మీదే.

క్లాసు నుంచి కొత్త విద్యార్థిని తయారుచేసే కోడ్‌ను కన్‌స్ట్రక్టర్ అంటారు. పేరు, హాల్‌టికెట్ నంబరు అడిగే కన్‌స్ట్రక్టర్ ఒకటి మనం రాయగానే, జావా తాను ఊరికే ఇచ్చే, ఏమీ అడగని ఖాళీ కన్‌స్ట్రక్టర్‌ను ఇవ్వడం మానేస్తుంది. పాత కోడ్‌లో ఎర్రర్లు వస్తాయి. విసుగెత్తి చాలామంది ఖాళీదాన్ని మళ్లీ చేత్తో రాసేస్తారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. దాంతో పేరు లేని విద్యార్థి పుట్టే దారి మళ్లీ తెరుచుకుంటుంది. డేటాబేస్ పనికి వాడే జేపీఏ ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఉండి తీరాలంటుంది, నిజమే. అయితే ప్రొటెక్టెడ్‌గా, అంటే అందరికీ అందుబాటులో లేకుండా, ఉంచినా దానికి చాలు.

కన్‌స్ట్రక్టర్ ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. ఒక క్లాసును ఆధారంగా చేసుకుని మరో క్లాసు రాస్తే మొదటిది తల్లి, రెండోది పిల్ల. తల్లి క్లాసు కన్‌స్ట్రక్టర్, పిల్ల క్లాసు మార్చి రాసుకున్న మెథడ్‌ను పిలిచిందనుకోండి. పిల్ల క్లాసు ఫీల్డుకు మనం 10 అని రాసిపెట్టినా, ఆ క్షణంలో అక్కడ కనిపించేది 0. తల్లి పని ముగిశాకే పిల్ల ఫీల్డులకు విలువలు అందుతాయి మరి.

నల్ రిఫరెన్సును 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలోకి తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పిదమని ఒప్పుకున్నారు. యాపిల్ వారి స్విఫ్ట్ భాష ఆ పాఠం నేర్చుకుంది. అందులో మార్కులను మామూలు పూర్ణాంకంగా ప్రకటిస్తే, విలువ ఇవ్వనిదే ఇనిషియలైజర్ (స్విఫ్ట్‌లో కన్‌స్ట్రక్టర్ పేరు) పూర్తి కాదు. లేకపోవచ్చు అనుకుంటే ‘ఇంట్’ పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఆ మాట ముందే చెప్పాలి. చిన్న గుర్తే, కానీ రాయడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించక తప్పదు.

జావాలో ‘లాంగ్’ (పెద్ద పూర్ణాంకం) ఫీల్డులో మిల్లీసెకన్లుగా దాచే తేదీకీ ఇదే గతి. ఇవ్వడం మరిస్తే 0 మిగులుతుంది. ఆ మిల్లీసెకన్ల లెక్క మొదలయ్యేది 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి. నిన్న పెట్టిన ఆర్డరు భారత కాలమానంలో 1970 జనవరి 1, ఉదయం 5.30కి పెట్టినట్టు తెర మీద కనిపిస్తుంది.