బొటనవేలి పరువు నష్టం

పిస్టల్‌లో ఆఖరి తూటా పేలాక, స్లైడ్ అనే పైభాగం (ప్రతి పేలుడుకూ వెనక్కీ ముందుకూ జరిగేది) వెనక్కి వెళ్లి అక్కడే నిలబడిపోవాలి. తూటాలుండే డబ్బీ, అంటే మ్యాగజైన్, ఖాళీ అయిందని యంత్రం మనకు చెప్పే మాట అది. నా పిస్టల్ కొన్ని వారాలుగా ఆ మాట చెప్పడం మానేసింది. తూటాలన్నీ అయిపోయినా స్లైడ్ ఏమీ ఎరగనట్టు ముందుకొచ్చి మూసుకునేది. నేను గురి సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్‌ను మెత్తగా వెనక్కి లాగితే ‘టక్’ మనే పొడి శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో నా పక్కన నిలబడేవారు సంస్కారవంతులు కనుక విననట్టే ఉండేవారు గానీ, వారి భుజాలు కదలడం నేను గమనించాను.

ఈ వ్యవహారంలో నా కుడిచేతి బొటనవేలిని అనుమానించేవారు కొందరు బయలుదేరారు. పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉండి, బొత్తాలు పెట్టడం మొదలు తాళాలు తిప్పడం దాకా ఏ పనిలోనూ మాట పడని అవయవం మీద, నిన్నగాక మొన్న చేతికొచ్చిన ఇనుప వస్తువును నమ్మి నేరం మోపడం ఎంత అన్యాయమో నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నిష్పక్షపాతంగానే రాస్తాను. తీర్పు మాత్రం ముందే నిర్ణయించుకున్నాను.

ముందుగా యంత్రం వాదన వినాలి. తూటా పేలిన తాకిడికి స్లైడ్ వెనక్కి జరుగుతూ ఖాళీ గుల్లను బయటికి విసిరేస్తుంది. తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్ పైన సిద్ధంగా ఉన్న మరో తూటాను తోసుకుపోయి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే ఛాంబర్‌లో పెడుతుంది. మ్యాగజైన్ లోపల తూటాలను కింది నుంచి పైకి నెట్టే పలకను ఫాలోయర్ అంటారు; దాన్ని నెట్టడానికి అడుగున ఒక పొడవాటి స్ప్రింగ్ ఉంటుంది. ఆఖరి తూటా కూడా వెళ్లిపోయాక ఆ ఫాలోయర్ ఇంకాస్త పైకి లేచి, పిస్టల్ ఎడమవైపున ఉండే స్లైడ్ స్టాప్ అనే మీట లోపలి కొసను ఎత్తుతుంది. మీట లేచి స్లైడ్ అంచున ఉన్న గాడిలో పడుతుంది, స్లైడ్ ఆగుతుంది. ఇందులో ఒక చిక్కుంది. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు బాగా అణిగి బలంగా తన్నే స్ప్రింగ్, ఖాళీ అయ్యేసరికి సాగిపోయి ఉంటుంది. అంటే మీటను ఎత్తాల్సిన ఆ ఒక్క క్షణంలోనే దాని సత్తువ అన్నిటికన్నా తక్కువ. పైగా మీట దానంతటది లేవకుండా కిందికి అదిమి ఉంచే బుల్లి స్ప్రింగ్ ఒకటి చాలా పిస్టళ్లలో ఉంటుంది. ఇంత బక్కప్రాణి ఎత్తవలసిన మీట మీద ఒక బొటనవేలు వచ్చి వాలిందనుకోండి. వాలిందని నేను ఒప్పుకోవడం లేదు, అనుకోమంటున్నాను. మీట లేవదు, స్లైడ్ ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది, సుత్తి మాత్రం బిగిసే ఉంటుంది కనుక తరువాతి నొక్కుకు ‘టక్’ మంటుంది. ఇదీ ప్రాసిక్యూషన్ వారి కథ.

స్లైడ్ మూసుకున్నాక లోపల తూటా ఉందో లేదో బయటికి తెలియదు కాబట్టి, ఆ ‘టక్’ తరువాత కూడా గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, వేలిని ట్రిగ్గర్ మీద నుంచి తీసి, మ్యాగజైన్ ఊడదీసి, స్లైడ్ లాగి, ఛాంబర్‌లోకి కళ్లారా చూడాలి. ఈ వ్యాసంలో వ్యంగ్యం లేని వాక్యం ఇదొక్కటే.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను నా ముందు వల్లించినవారికి నేను చెప్పింది ఒకటే: మద్దెల నిజంగానే ఓడై ఉండవచ్చు కదా? ఆ నమ్మకంతోనే విచారణ మొదలుపెట్టాను. మొదట మ్యాగజైన్ స్ప్రింగ్ మార్చాను, తరువాత మ్యాగజైన్‌నే మార్చాను, ఆ తరువాత తూటాల రకం మార్చాను. మందు తక్కువ కూరిన తూటాకు స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి తోసే శక్తి చాలకపోవచ్చునని, అరిగిన ఫాలోయర్ మీటను సరిగా అందుకోలేదని, మసీ జిడ్డూ పేరుకుంటే మీట బిగుసుకుంటుందని తెలిసినవారు చెప్పారు. ఇవన్నీ నిజాలే. ఇలాంటి నిజాలు ఎన్ని ఉంటే బొటనవేలికి అంత చాటు దొరుకుతుంది. పిస్టల్‌ను విప్పి, తుడిచి, తిరిగి కూర్చి, ఖాళీ మ్యాగజైన్ పెట్టి బల్ల దగ్గర స్లైడ్‌ను చేత్తో లాగి చూశాను. పదిసార్లు లాగితే పదిసార్లూ ఠక్కున ఆగింది. బల్ల దగ్గర ఇంత బుద్ధిగా ఉండే యంత్రం కాల్చే వేళకు మొండికేస్తోందంటే దానికి నా మీద వ్యక్తిగతమైన కక్ష ఉందన్నది తప్ప మరో అర్థం నాకు స్ఫురించలేదు. బల్ల దగ్గర స్లైడ్ లాగేటప్పుడు నా కుడి బొటనవేలు ఎక్కడో కింద పిడిని చుట్టుకుని ఉంటుందన్న సంగతిని నేను పరిగణనలోకి తీసుకోలేదు. అది చిన్న వివరం.

ఆ తరువాత చేసిన పనిని కొంచెం గర్వంగానే చెప్పుకోవాలి. ఉన్న మీట మరీ చిన్నది కనుకనే సరిగా పనిచేయడం లేదని తేల్చి, దాని స్థానంలో పొడవూ వెడల్పూ ఎక్కువున్న మీటను కొని బిగించాను. అంతకుముందు అయిదింట మూడుసార్లు ఆగని స్లైడ్, ఆనాటి నుంచి అయిదింట అయిదుసార్లూ ఆగకుండా నిలకడ సాధించింది. తలకు తగులుతోందని గుమ్మాన్ని మరో జానెడు కిందికి దించుకున్నవాడి పరిస్థితి నాదని ఒక మిత్రుడు అన్నాడు. ఆయనతో ఇప్పుడు మాటల్లేవు.

అసలు బొటనవేలు అంత పైకి ఎలా చేరిందో చరిత్ర తెలియనివారే దాన్ని నిందిస్తారు. రివాల్వర్‌కు స్లైడే లేదు. దాన్ని పట్టినవారు బొటనవేళ్లను కిందికి వంచి ఒకదాని మీద ఒకటి బిగించుకున్నా అడిగేవారు లేరు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన పిస్టల్‌లో స్లైడ్ స్టాప్ బాగా ముందుకు ఉంటుంది; కుడి బొటనవేలికి వెనకాల సేఫ్టీ మీట అనే పీట వేరుగా ఉంది కనుక అది అక్కడ కూర్చుని కాలక్షేపం చేయవచ్చు. 1980ల్లో రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ అనే అమెరికా పోటీ షూటర్ల వల్ల, రెండు బొటనవేళ్లనూ లక్ష్యం వైపు చాపి, రెండు అరచేతులతో పిడిని నలువైపులా కప్పే పట్టుకు ప్రచారం వచ్చింది. చేతులు ఎంత పైకి ఉంటే తుపాకీ అంత తక్కువగా ఎగిరిపడుతుందన్నది ఆ పట్టులోని కిటుకు. కిటుకు గొప్పదే, దాన్ని నేనూ భక్తిగా పాటిస్తున్నాను. అయితే చేతులతో పాటు బొటనవేళ్లూ పైకి వెళ్లాయి, వెళ్లిన చోట మీట ఉంది. పై స్థానానికి చేరినవారు కింద పనిచేసుకునేవారి నెత్తిన కూర్చోవడం వేళ్లు కనిపెట్టిన పద్ధతి కాదు.

సిగ్ సావర్ పి226 అనే పిస్టల్‌ను తీర్చిదిద్దినవారు ఈ విషయంలో మరీ ఉదారులు. స్లైడ్‌ను ఆపే మీటను పిడికి ఎగువన బాగా వెనక్కి, పైకెత్తి పట్టినవారి కుడి బొటనవేలు ఎక్కడ వాలుతుందో సరిగ్గా అక్కడే పెట్టారు. చాప పరిచి, దిండు వేసి, ‘ఇక్కడ మాత్రం పడుకోవద్దు’ అన్నట్టుంటుంది ఆ ఏర్పాటు. ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకున్న గ్లాక్ 17 పిస్టల్‌లో మీట పలచని రేకు ముక్కలా, పిడితో కలిసి ఉండే చట్రానికి అంటుకుని ఉంటుంది. కంపెనీ దాన్ని స్లైడ్ స్టాప్ అని పిలుస్తుంది. అది ఆపడానికి మాత్రమే గాని విడుదల చేయడానికి కాదని ఒక వర్గం, రెండింటికీ పనికొస్తుందని మరో వర్గం ఎడతెగక వాదించుకుంటూ ఉంటాయి. అది ఆపడమే లేదని మొత్తుకునే నా వంటివారికి ఆ వాదంలో చోటు లేదు. వాల్థర్ పీపీకే అనే పిస్టల్‌లో ఈ పేచీయే లేదు: ఆఖరి తూటా తరువాత స్లైడ్ ఆగుతుంది గానీ ఆపే ఏర్పాటంతా లోపలే ఉంటుంది, నొక్కడానికి బయట మీటంటూ ఏమీ కనిపించదు. మనిషి స్వభావం ఎరిగినవాడు చేసిన పని అది.

ఎడమచేతివారి సంగతి వేరు. వారి బొటనవేలు పిస్టల్‌కు కుడివైపున ఉంటుంది, మీటేమో ఎడమవైపున; కనుక వారు ఈ పాపానికి చాలాకాలం దూరంగా ఉన్నారు. 2017లో వచ్చిన అయిదో తరం గ్లాక్ 17కు రెండువైపులా మీటలు పెట్టి ఆ వివక్షను తొలగించారు.

ఇంతలో ఎడమ బొటనవేలి మీద కూడా ఫిర్యాదు వచ్చింది. దానిది తలకిందుల నేరం. చాపిన ఎడమ బొటనవేలు మీటకు సరిగ్గా కింద ఉంటే, తూటా పేలిన కుదుపుకు అది మీటను పైకి తన్నుతుంది. ఏడు తూటాలు పెట్టిన మ్యాగజైన్‌లో మూడోది పేలగానే స్లైడ్ వెనక ఆగిపోతుంది, మిగతా నాలుగు తమ వంతు ఎప్పుడొస్తుందా అని లోపలి నుంచి చూస్తూ ఉంటాయి. కుడివేలు దుకాణం మూయనివ్వదు, ఎడమవేలు బేరాల మధ్యలో తలుపులు వేసేస్తుంది. పోనీ రెండు వేళ్లనూ మీటకు దూరంగా పైకి జరిపి స్లైడ్ పక్కకే ఆనిద్దామా అంటే, ఆ రాపిడికి స్లైడ్ వేగం తగ్గి గుల్లలు సరిగా బయటపడకపోవచ్చునట. వేళ్ల నిర్దోషిత్వాన్ని నిరూపించడానికి ఒకరోజు పట్టు మొత్తాన్నే వదులు చేసి కాల్చాను. మణికట్టు గట్టిగా లేకపోతే చట్రం కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి జారుతుంది, స్లైడ్ వెళ్లాల్సినంత దూరం వెళ్లదు. ఊయల్లో నిలబడి బరువైన తలుపును తోసినట్టే ఉంటుంది. ఆ రోజు స్లైడ్ ఆగకపోవడమే కాక ఒక గుల్ల సగం బయటా సగం లోపలా ఇరుక్కుని నా వంక చూసింది.

చివరికి మా కోచ్ కల్పించుకున్నారు. “రెండే తూటాలు పెట్టి ఇలా ఇవ్వండి సార్” అన్నారు. ఇచ్చాను. అదే పిస్టల్, అదే మ్యాగజైన్, అవే తూటాలు, ఆ పెద్ద మీటతో సహా. ఆయన రెండూ కాల్చారు, స్లైడ్ ఆగింది. నేను రెండు కాల్చాను, ఆగలేదు. మళ్లీ ఆయన, మళ్లీ నేను. నాలుగో విడతకు నా వాదనలో పస తగ్గుతున్నట్టు నాకే అనిపించింది.

“ఏదీ, ఆ బొటనవేలు చూపించండి” అన్నారాయన, నాడి చూసే వైద్యుడిలా.

వేలి మెత్తటి భాగం మీద, మసి అంటిన నాలుగు సన్నని గీతలు పక్కపక్కనే పడి ఉన్నాయి. మీట మీద వేలు జారకుండా కోసే గాట్లు నాలుగు. వాటి మధ్య దూరం కూడా గీతల మధ్య ఉన్నంతే. కాగితం మీద వేలిముద్ర వేయడం తెలుసు గానీ, వస్తువే వేలి మీద తన ముద్ర వేసి సాక్ష్యం చెప్పడం అదే చూడటం.

“మాస్టారూ, ఏకలవ్యుణ్ణి కూడా ఈ వేలే అడిగారు” అన్నాను, మర్యాద నిలుపుకోవడానికి.

“నాకు కోసి ఇవ్వక్కర్లేదు సార్” అన్నారాయన. “ఎడమ బొటనవేలి మొదట్లో ఎత్తుగా కండ ఉంది చూశారా, దాని మీద కుడి బొటనవేలిని వాల్చండి. కొసను చట్రానికి తగలనివ్వకుండా కొంచెం బయటికి పెట్టండి. పిడి మీద పట్టు మాత్రం వదలొద్దు, ఆ పని మిగతా వేళ్లు చూసుకుంటాయి.”

వాల్చాను. రెండేసి తూటాలతో పదిసార్లు కాల్చాను. పదిసార్లూ స్లైడ్ వెనక్కి వెళ్లి, గాడిలో పడి, అక్కడే నిలబడింది. పక్కన కాల్చుకుంటున్న ఆయన అద్దాలు పైకెత్తి, ఇంతకీ లోపం ఎక్కడ తేలిందని ఆసక్తిగా అడిగాడు.

“కొత్త స్ప్రింగ్ కదండీ” అన్నాను, “కుదురుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది.”