యాభై ఏళ్ల ప్రశ్నకు ఐదేళ్ల గ్రాంటు

పొగ తాగుతారా, తాగితే రోజుకు ఎంత, ఎప్పటి నుంచి అని అడుగుతూ బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ వైద్యులకు ఒక చిన్న ప్రశ్నావళి పంపారు. జవాబిచ్చిన పురుష వైద్యుల్లో 34,439 మంది ఆరోగ్యాన్ని యాభై ఏళ్లపాటు గమనించాక తుది ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అప్పటికి హిల్ లేరు, డాల్‌కు 91 ఏళ్లు. పొగ తాగడం మానని వారు సగటున పదేళ్లు ముందే మరణిస్తారనీ, అరవయ్యో ఏట మానేసినా మూడేళ్ల ఆయుష్షు దక్కుతుందనీ అంత కచ్చితంగా చెప్పడానికి అర్ధశతాబ్దం పట్టింది.

వృద్ధాప్యాన్ని, దీర్ఘకాలిక వ్యాధులను ఎంచుకున్న ఎపిడెమియాలజిస్టు (జనంలో వ్యాధులు ఎవరికి, ఎందుకు వస్తాయో పరిశోధించేవారు) చిక్కంతా ఇక్కడే ఉంది. గ్రాంటు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకు వస్తుంది, ఉద్యోగం స్థిరపడుతుందా లేదా అన్నదీ దాదాపు అంతే కాలంలో తేలిపోతుంది, కానీ నడివయసు రక్తపోటు ముదిమిలో జ్ఞాపకశక్తిని ఏం చేస్తుందో తెలియాలంటే ముప్పై ఏళ్లు ఆగాలి. అందుకే ఈ రంగంలో దాదాపు అందరూ మరెవరో నాటిన చెట్టు కాయలతోనే వృత్తి మొదలుపెడతారు. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఆ చెట్టుకు నీళ్లు పోసినవారిని విశ్వవిద్యాలయాలు లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు.

అమెరికాలో 1948లో 5,209 మందితో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ గుండె జబ్బుల అధ్యయనాన్ని రెండు దశాబ్దాల తర్వాత ప్రభుత్వం ఆపేయబోతే, దాన్ని నడిపిన థామస్ డాబర్ విరాళాలు సేకరించి నిలబెట్టారు. 1971లో అందులో పాల్గొన్నవారి సంతానం, 2002లో మనవల తరం చేరారు. విరాళాల కోసం తిరిగిన ఆ నెలలు ఏ ప్రచురణల జాబితాలోకీ ఎక్కవు.

వృద్ధుల సమాచారం చదవడానికి వేరే అనుమానపు చూపు కావాలి. ఎనభై దాటినవారిలో బరువు తక్కువ ఉన్నవారు ఎక్కువగా మరణిస్తున్నారంటే సన్నబడటమే చంపిందని అర్థం కాదు, బయటపడని జబ్బు కొన్నేళ్ల ముందే వారిని కరిగించి ఉండవచ్చు. పొగాకు దెబ్బకు అరవైల్లోనే పోయినవారు ఎనభైల లెక్కలో కనిపించరు గనుక, ఆ వయసులో పొగ తాగేవారు చూడటానికి గట్టివారిలా కనిపిస్తారు. పరీక్షా కేంద్రం దాకా నడిచి రాగలిగినవారినే కొలిస్తే ముసలితనం అసలు ఉన్నదానికంటే ఆరోగ్యంగా తేలుతుంది. రుతువిరతి తర్వాత హార్మోన్లు గుండెను కాపాడతాయని పరిశీలనా అధ్యయనాలు సూచించాయి. కానీ ఎవరికి హార్మోన్లు ఇవ్వాలో చీటీ వేసినట్టు నిర్ణయించి 16,608 మంది మహిళలతో సాగించిన ప్రయోగంలో హానే ఎక్కువని తేలి, 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. హార్మోన్లు వాడిన మహిళలు మొదటినుంచీ ఆరోగ్యంగా ఉన్నవారు కావడం ఆ తేడాకు ఒక కారణమైతే, ప్రయోగంలోని మహిళలు చాలామంది రుతువిరతి దాటిన ఎన్నో ఏళ్లకు వాటిని మొదలుపెట్టడం మరొకటి అని చాలామంది భావిస్తారు. ఈ రెండో సంగతి పట్టుకోవాలంటే వయసును ఒక అంకెగా కాక ఒక క్రమంగా చూసే అలవాటు ఉండాలి, అది ఒక్క గ్రాంటు కాలంలో అబ్బదు.

అమెరికా వైద్య పరిశోధకురాలు లిండా ఫ్రైడ్ బృందం 2001లో వార్ధక్య దుర్బలతకు ఐదు గుర్తులు ప్రతిపాదించింది: అనుకోకుండా బరువు తగ్గడం, నీరసం, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గడం. మూడు ఉంటే దుర్బలతే. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేని ఈ కొలతకు ఆధారం 1989లో మొదలైన మరో దీర్ఘకాలిక అధ్యయనంలో పోగుపడిన సమాచారం.

నియామక సంఘాలు వ్యాసాల సంఖ్యతోపాటు మరో రెండు ప్రశ్నలు అడగాలి: పదో ఏట మీ అధ్యయనంలో ఎంతమంది మిగిలారు, మంచం దిగలేనివారి ఇంటికి కొలవడానికి ఎవరు వెళ్లారు?